టైల్స్ వేసేముందే పిలవండి

ఒక బిల్డింగు వీల్‌చైర్‌లో ఉన్న మనిషికి పనికొస్తుందా రాదా అన్నది ఓపెనింగ్ రోజు తేలే విషయం కాదండీ. బేస్‌మెంట్ ఎంత ఎత్తు లేపాలో మేస్త్రీ దారం కట్టి చూసుకున్న రోజే సగం తేలిపోతుంది, బాత్రూం గోడలు లేచేసరికి మిగతా సగం కూడా అయిపోతుంది, ఆ తర్వాత ఎంత ఖరీదైన గ్రానైట్ పరిచినా ఎన్ని స్టీల్ రాడ్లు బిగించినా జరిగిపోయినదాన్ని కప్పెట్టుకోవడమే. ఈమధ్య మా చిన్నాన్నని తీసుకుని మా శ్రీకాకుళం జిల్లాలో ఎచ్చెర్ల వైపు, హైవేకి కాస్త లోపలగా కడుతున్న ఒక రిహాబిలిటేషన్ సెంటర్ (నడుం పడిపోయినవాళ్ళకి మళ్ళీ తమ పనులు తాము చేసుకోవడం నేర్పే చోటు) సైట్‌కి వెళ్ళాను. అప్పట్నుంచి కనపడినవాళ్ళందరికీ ఇదే చెబుతున్నాను, ఇక్కడ కూడా రాస్తే ఏ ఇంజినీరుకో ఏ ట్రస్టు వాళ్ళకో ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

చిన్నాన్న గురించి ముందు చెప్పాలి. ఆయన సెంట్రింగ్ మేస్త్రీ. మాది నరసన్నపేట అవతల పల్లె, మా వైపు పొలం ఉన్నా లేకపోయినా ఇంటికొకరు చెన్నైకో హైదరాబాద్‌కో వైజాగ్‌కో పనికి వెళ్ళాల్సిందే, అలా వెళ్ళి హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ పని మీద ఉండగా మూడో అంతస్తు దగ్గర చెక్క జారి కింద పడ్డాడు. వెన్నుపూస విరిగింది. నడుం కింద నుంచి స్పర్శ లేదు. బుర్ర మాత్రం అదే బుర్ర, ఇప్పటికీ ఊళ్ళో ఎవరు స్లాబ్ పోయించుకుంటున్నా సిమెంటు ఎన్ని బస్తాలు పడతాయి, ఐరన్ ఎంత పడుతుంది అని ముందు మా ఇంటికొచ్చి ఆయన్నే అడుగుతారు, కాయితం కలం లేకుండా చెప్పేస్తాడు.

ఇలా నడుం పోయినవాళ్ళు మా జిల్లాలో తక్కువేం కాదు. మా జిల్లాలో కొబ్బరితోటల ప్రాంతమైన ఉద్దానం అనగానే అందరికీ కిడ్నీ జబ్బు గుర్తొస్తుంది, పలాసలో కిడ్నీ రీసెర్చ్ సెంటరూ 200 పడకల ఆసుపత్రీ 2023 డిసెంబరులో మొదలయ్యాయి, ఎన్నాళ్ళనుంచో రావాల్సింది, వచ్చింది, సంతోషం. అదే ఉద్దానంలో కొబ్బరి చెట్టు మీద నుంచి పడి మంచం పట్టినవాళ్ళ గురించి మాత్రం ఎక్కడా మాట వినపడదు. సోంపేట, కవిటి, కంచిలి ఏ ఊరు వెళ్ళి అడిగినా ఇలాంటి మనిషి ఒకరున్నారనే చెబుతారు. వీళ్ళకి తోడు హైవే మీద బైకు యాక్సిడెంట్లు, బీపీ చూపించుకోక పక్షవాతం వచ్చినవాళ్ళు, పుట్టుకతో కండరాలు బిగుసుకుపోయిన పిల్లలు. ఆపరేషన్ వరకూ ఎలాగో అలా అయిపోతుంది, ప్లేట్లు వేసి కుట్లు విప్పి ఇంటికి పంపించేస్తారు, ఇంట్లోవాళ్ళు కూడా వైద్యం అయిపోయిందనే అనుకుంటారు. అసలు పని అక్కడే మొదలవుతుంది కదా! మంచం మీద నుంచి కుర్చీలోకి ఒక్కడే ఎలా జరగాలి, మూత్రం ఎన్ని గంటలకొకసారి గొట్టంతో ఎలా బయటికి తీసుకోవాలి, స్పర్శ లేని చోట పుండు పడకుండా రాత్రి రెండు గంటలకొకసారి ఎలా తిరగాలి, కుర్చీలో కూర్చున్నప్పుడు చేతుల మీద బలం పెట్టి ఒళ్ళు ఎలా లేపుకోవాలి, ఇవన్నీ ఎవరో దగ్గరుండి నేర్పాలి. నేర్పేవాళ్ళు లేక, వీపు కింద పడిన పుండు ఎముక దాకా వెళ్ళి, ఇరవై ఏళ్ళు బతకాల్సిన మనిషి రెండేళ్ళకే పోయినవాళ్ళని మేం చూశాం.

ఈ నేర్పే పనికి మన దేశంలో దారి వేసినావిడే వీల్‌చైర్‌లో ఉన్న మనిషి. డాక్టర్ మేరీ వర్గీస్. 1954లో కారు ప్రమాదంలో ఆవిడ వెన్నుపాము దెబ్బతిని నడుం కింది భాగం చచ్చుబడిపోయింది, అయినా కుర్చీలోంచే కుష్ఠు రోగుల చేతులకి ఆపరేషన్లు చేసింది, తర్వాత న్యూయార్క్ వెళ్ళి రిహాబిలిటేషన్ వైద్యం చదువుకుని వచ్చి వెల్లూరులో మొదలుపెట్టింది. పేషెంట్లని ఉంచి నేర్పే ఇన్‌స్టిట్యూట్ అక్కడ 1966లో తెరిచారు, దేశంలో అలాంటిది అదే మొదటిది. మా వైపు నుంచి ఈరోజుకీ శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో రైలెక్కి వెల్లూరు దగ్గరున్న కాట్పాడిలో దిగేవాళ్ళున్నారు. నడవలేని మనిషిని తీసుకుని అంత దూరం రైల్లో వెళ్ళి, భాష రాని ఊళ్ళో గది తీసుకుని నెలలకి నెలలు ఉండటమంటే ఎంతమందికి కుదురుతుంది? అందుకే మా జిల్లాలో ఒక సెంటర్ కడుతున్నారని తెలిసినప్పుడు నాకు చాలా ఆనందమేసింది, ఎవరో తెలిసినవాళ్ళ ద్వారా ట్రస్టు వాళ్ళతో మాట్లాడి, మా చిన్నాన్న ఒకసారి చూస్తారు, రానిస్తారా అని అడిగాను. రమ్మన్నారు. అడగ్గానే రమ్మన్నందుకు వాళ్ళకి నా నమస్కారం, ఎందుకంటే చాలామంది హెల్మెట్ లేదనో ఇన్సూరెన్సు లేదనో గేటు దగ్గరే ఆపేస్తారు.

మేం వెళ్ళేసరికి గ్రౌండ్ ఫ్లోర్ గోడలు లేచి పైన స్లాబ్ పోయడం కూడా అయిపోయింది, ప్లాస్టరింగ్ ఇంకా మొదలవలేదు, నేల మీద గ్రావెల్ కొట్టి వదిలేశారు. ఆటో వెనకాల కట్టి తెచ్చిన కుర్చీ దింపి చిన్నాన్నని కూర్చోబెట్టాం. ఆయన చూపు ముందు బేస్‌మెంట్ మీద పడింది. ర్యాంపు ఇంకా కట్టలేదు గానీ దానికోసం రెండు వరసల ఇటుక పేర్చి గుర్తు పెట్టారు. చిన్నాన్న అక్కడి కుర్రాడిని లెవెల్ ట్యూబు తెమ్మన్నాడు. నీళ్ళు నింపిన ట్యూబు ఒక కొస బేస్‌మెంట్ అంచు దగ్గర ఆ కుర్రాడు పట్టుకున్నాడు, రెండో కొస ర్యాంపు మొదలయ్యేచోట కర్రకి ఆనించి ఈయన పట్టుకున్నాడు, లోపల నీళ్ళు ఊగీ ఊగీ ఆగాక గోరుతో గుర్తు పెట్టి టేపు వేస్తే సరిగ్గా 3 అడుగులు. ఇటుక గుర్తు పొడవు కొలిస్తే 22 అడుగులు.

వీల్‌చైర్ ర్యాంపుకి అందరూ చెప్పే లెక్క 1:12, అంటే అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు, అంతకన్నా నిటారుగా ఉండకూడదు. 3 అడుగులకి 36 అడుగులు కావాలి, మధ్యలో ఆగి ఊపిరి తీసుకోడానికి చదునైన చోటు అదనం. చిన్నాన్న అక్కడి మేస్త్రీతో ఒకటే అన్నాడు, "తమ్ముడూ, ఇలగైతే నాను ఎక్కలేను, ఎవులో ఒకలు ఎనకనుంచి తొయ్యాల". దానికి సైట్ ఇంజినీరు, చిన్న కుర్రాడు, మర్యాదస్తుడే, "సార్, తోయడానికి స్టాఫ్ ఉంటారు కదా సార్" అన్నాడు.

ఈ మాట దగ్గర నేను ఆగాలి. ఆ కుర్రాడిని తప్పుపట్టడానికి కాదు, దాదాపు అందరూ ఇలాగే ఆలోచిస్తారు కాబట్టి. వచ్చే మనిషిని ఎవరో ఒకరు తోస్తారు, ఎత్తుతారు, పట్టుకుంటారు అనుకునే కడతారు. మామూలు ఆఫీసులోనే అది తప్పు, రిహాబిలిటేషన్ సెంటర్‌లో అయితే మొత్తం పనినే చెడగొడుతుంది. లోపల థెరపిస్టు ఆ మనిషికి నెల రోజులపాటు చేతులకి బలం తెప్పించి, నీ అంతట నువ్వు వెళ్ళగలవు అని చెబుతుంది, గుమ్మం దాటి బయటికొచ్చేసరికి ర్యాంపు నీ వల్ల కాదు అంటుంది. వీళ్ళిద్దరిలో మనిషి ఎవరి మాట నమ్ముతాడు? రోజూ రెండు పూటలా ఎక్కి దిగే ర్యాంపు మాటే నమ్ముతాడు. అక్కడ బిల్డింగు కూడా వైద్యంలో భాగమే.

ఇక ఎత్తు సంగతి. మా వైపు బేస్‌మెంట్లు ఎత్తుగా లేపడానికి కారణాలు లేకపోలేదు, వర్షానికి నీళ్ళు నిలుస్తాయి, నాగావళి, వంశధార పొంగిన ఏళ్ళు అందరికీ గుర్తే, రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతుంది కాబట్టి ఇల్లు పల్లమైపోతుందని భయం, కాస్త పరువు కూడా ఉంది, ఎత్తుగా ఉంటేనే ఇంటికి అందం అంటారు. చిన్నాన్న అవన్నీ కాదనలేదు. బేస్‌మెంట్ తగ్గించమనలేదు కూడా, ఎలాగూ కట్టేశారు. ముందున్న ఖాళీ స్థలం మొత్తం ఒక అడుగు గ్రావెల్ పోసి లేపెయ్యండి, పక్కన కాలువ తియ్యండి, అప్పుడు ఎత్తు 2 అడుగులే, 24 అడుగుల ర్యాంపు చాలు, మధ్యలో చదును చోటుతో కలిపి ఆ జనరేటర్ రూముకి పెట్టిన గుర్తు వెనక్కి జరిపితే సరిపోద్ది అన్నాడు. ఇంజినీరు అక్కడికక్కడే ఫోన్‌లో లెక్క వేసుకుని సరే అన్నాడు. గ్రావెల్ ఎలాగూ తోలాలట, కొన్ని లోడ్లు ఎక్కువ. అదే ర్యాంపు పోసేశాక అయితే పగలగొట్టాలి, జనరేటర్ రూము కూడా పగలగొట్టాలి, ఎవరూ పగలగొట్టరు, అలా ఉండిపోతుంది.

లోపలికి వెళ్ళాక గడపలు. ప్రతి గదికీ నాలుగు పక్కల చెక్కతో గుమ్మాలు నిలబెట్టేశారు, వడ్రంగిని అడిగితే గడప లేని గుమ్మం ఏటండీ, పసుపు ఎక్కడ రాస్తారు అన్నాడు. ఆయన మాట కొట్టిపారేసేది కాదు, మా ఇంట్లోనూ శుక్రవారం గడపకి పసుపు రాసి బొట్టు పెట్టకుండా ఉండరు. కానీ వీల్‌చైర్ ముందు చక్రాలు అరచెయ్యంత ఉంటాయి, అంగుళం ఎత్తు తగిలినా టక్కున ఆగిపోయి మనిషి ముందుకి పడతాడు. అర అంగుళానికి, అంటే 12 మిల్లీమీటర్లకి మించకూడదని గైడ్‌లైన్స్‌లో ఉన్నది అందుకే. చిన్నాన్న చెప్పిన ఉపాయం ఏంటంటే గదులకి గడప కోసేసి, మెయిన్ గుమ్మం దగ్గర నేల మట్టానికి సమానంగా ఒక రాయి పరిచి దానికి పసుపు రాసుకోమన్నాడు. వడ్రంగి కాసేపు ఆలోచించి, అది బాగుంటాది అన్నాడు.

అన్నిటికన్నా బాత్రూం. ఇక్కడ కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే మనిషి పరువు ఉండేదీ పోయేదీ అక్కడే. ప్లాన్‌లో డిజేబుల్డ్ టాయ్‌లెట్ అని రాసి ఉంది, సైజు 5 అడుగులు బై 6. చిన్నాన్న నాతో మేకు ఒకటి నేలలో పాతించాడు, దానికి రెండున్నర అడుగుల దారం కట్టించి రెండో కొసకి ఇటుక ముక్క పట్టుకుని గుండ్రంగా గీయమన్నాడు. 5 అడుగుల చక్రం, వీల్‌చైర్ ఒక చుట్టు తిరగాలంటే కావాల్సిన చోటు అంతే. నేను గీస్తుంటే ఇటుక ముక్క ఒకవైపు గోడకి గీసుకుంది, ఇంకోవైపు కమోడ్ పైపు పైకి లేచి ఉంది, దానికి కొట్టుకుని దారం ఆగిపోయింది, వాష్‌బేసిన్ రావాల్సిన చోటు చక్రం లోపలే ఉంది. ఆ ఎర్రటి గీత చూడగానే ఇంజినీరుకి ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. వెంటనే మేస్త్రీని పిలిచి పక్కనున్న స్టోర్ రూము గోడ జరిపితే ఎంత వస్తుందో చూడమన్నాడు. లోపల దగ్గర దగ్గర ఆరున్నర బై ఏడు అడుగులు ఉంటే గానీ కమోడ్, బేసిన్ పెట్టాక కుర్చీ తిరగదు.

తలుపు లోపలికి తెరిచేలా పెట్టారు. లోపల మనిషి జారి తలుపుకి అడ్డంగా పడితే బయటనుంచి ఎలా తీస్తారు? బయటికి తెరవాలి, లేదా పక్కకి జరగాలి. కమోడ్ సీటు ఎత్తు 18 నుంచి 19 అంగుళాలు ఉంటే కుర్చీ సీటుకి సమానంగా ఉండి పక్కకి జరగడం తేలిక, షాపులో మామూలుగా ఇచ్చేది అంతకంటే పొట్టిగా ఉంటుంది కాబట్టి ఆర్డర్‌లోనే రాయాలి. ఇక పట్టుకునే రాడ్లు. ఇది నాకు అస్సలు తట్టని విషయం, చిన్నాన్న మేస్త్రీ కాబట్టి గోడని వేళ్ళతో కొట్టి చూసి పట్టేశాడు. ఆ అడ్డగోడ లైట్‌వెయిట్ బ్లాకులతో కట్టింది, సన్నటి గోడ. దానికి మామూలు బోల్టులు వేసి రాడ్డు బిగిస్తే చూడ్డానికి బాగానే ఉంటుంది, 70 కిలోల మనిషి ఒళ్ళంతా దాని మీద వేసి లేవబోయిన రోజు బోల్టులు రాడ్డుతో సహా ఊడి వస్తాయి. రాడ్డు వచ్చే ఎత్తులో ఇప్పుడే కాంక్రీట్ బెల్టు ఒకటి పోసెయ్యమన్నాడు. ఒకటి రెండు బస్తాల సిమెంటు. టైల్స్ వేసేశాక ఆ గోడ లోపల ఏముందో ఎవరికి తెలుస్తుంది, ఏ ఇన్‌స్పెక్షన్‌లో కనపడుతుంది?

తలుపుల వెడల్పు కూడా చాలదని చిన్నాన్న అన్నప్పుడు ఇంజినీరు ఒక మంచి ప్రశ్న అడిగాడు. ప్లాన్‌లో తలుపు 900 మిల్లీమీటర్లు పెట్టాం కదా సార్, రూల్ ప్రకారమే కదా, మళ్ళీ ఎందుకు తక్కువైంది అని. ప్లాన్‌లో గోడకి గోడకి మధ్య గీసినది అది, అందులో రెండు వైపులా గుమ్మం చెక్క కూర్చుంటుంది, తలుపు తెరిచినా దాని మందం అడ్డం ఉంటుంది, ఇవన్నీ పోగా మనిషి దూరేది ముప్పై అంగుళాలు, అంటే 760 మిల్లీమీటర్లు ఉంటే గొప్ప. రూలు చెప్పే 900 అన్నీ పోయాక మిగలాల్సిన 900. కుర్చీ చక్రం తోసుకునే మనిషికి వేళ్ళు చెక్కకి గీరుకుపోవడం ద్వారా ఈ తేడా తెలుస్తుంది, కాయితం చూసేవాళ్ళకి తెలియదు.

చట్టం లేదని కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 44వ సెక్షన్ ప్రకారం రూల్స్ పాటించని ప్లాన్‌కి కట్టడానికి అనుమతే ఇవ్వకూడదు, పాటించకుండా కడితే కంప్లీషన్ సర్టిఫికెట్ ఇవ్వకూడదు. బిల్డింగులూ రవాణా దివ్యాంగులకి అందుబాటులోకి తెచ్చే సుగమ్య భారత్ కార్యక్రమం 2015 డిసెంబర్ 3న మొదలైంది. 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు, రాజీవ్ రతూరి కేసులో, ఉన్న రూల్స్ సలహాల్లాగా ఉన్నాయి గానీ తప్పనిసరి అన్నట్టు లేవు అని చెప్పి, కచ్చితంగా పాటించాల్సినవి మూడు నెలల్లో తయారు చెయ్యమని కేంద్రానికి చెప్పింది. దానికి ఆధారంగా తీసుకున్న రిపోర్టు మన హైదరాబాద్ నల్సార్ యూనివర్సిటీ వాళ్ళ డిజేబిలిటీ స్టడీస్ సెంటర్ ఇచ్చింది. రతూరి గారికి చూపు లేదు, ఆయన ఆ పిటిషన్ వేసింది 2005లో. చట్టం ఉండాలి, కోర్టు గట్టిగా చెప్పాలి, రెండూ కావాలి. కానీ పైన చెప్పిన గోడ లోపలి బెల్టుని, గడపని, ఇటుక ముక్క తగిలిన గోడని ఏ కోర్టూ వచ్చి చూడదు కదా, సైట్ దగ్గర ఒక మనిషి ఉండాలి.

డబ్బు గురించి అనేవాళ్ళుంటారు. ఇప్పుడు మన రాష్ట్రంలో దివ్యాంగుల పెన్షన్ 6,000, పూర్తిగా మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్ళకి 15,000, ఒకటో తారీఖున ఇంటికి తెచ్చి ఇస్తున్నారు, దాంతో ఎన్నో ఇళ్ళు గడుస్తున్నాయి, తక్కువ చేసి మాట్లాడను. కానీ ఆ మనిషి ఇంటి బయటికి రావడం, ఒక పని నేర్చుకోవడం, తన స్నానం తను చెయ్యడం ఇవి పెన్షన్ ఇవ్వలేదు, గోడలూ తలుపులూ ఇస్తాయి. చిన్నాన్న ఆ రోజు చెప్పిన మార్పులన్నీ కలిపి చూసుకున్నా మొత్తం ఖర్చులో లెక్కలోకి రాదని ఇంజినీరే అన్నాడు. కారణం ఒకటే, ఇంకా ప్లాస్టరింగ్ అవ్వలేదు. ముందు పిలిస్తే చవక, ఆలస్యం చేస్తే ఖరీదు, ఇంకా ఆలస్యం చేస్తే అసాధ్యం.

ఒక్క వీల్‌చైర్ మనిషి వచ్చి చూసి వెళ్తే అందరికీ సరిపోతుందా అంటే సరిపోదు, అది నేనూ ఒప్పుకుంటాను. చిన్నాన్నకి తట్టనివి చాలా ఉన్నాయి. చూపు లేనివాళ్ళ కోసం వేసే పసుపు టైల్స్‌లో గీతలున్నవి దారి చూపించడానికి, చుక్కలున్నవి ఆగమనడానికి, ఈ తేడా తెలియకుండా అందం కోసం వేసేస్తే అవి వెళ్ళి ఏ స్తంభం దగ్గరో ఆగిపోతాయి. చెవులు వినపడనివాళ్ళకి ఫైర్ అలారం మోత ఒక్కటే పెడితే లాభం లేదు, లైటు కూడా వెలగాలి. మా మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రానికి పదేళ్ళ పిల్లాడిని చంకనేసుకుని వచ్చే అమ్మలున్నారు, ఆ వయసు పిల్లాడికి బట్టలు మార్చాలంటే బాత్రూం నేల మీద పడుకోబెట్టాల్సి వస్తోంది, నడుం ఎత్తులో ఒక బల్ల కావాలని ఆ అమ్మ చెబితే తప్ప ఏ ఆర్కిటెక్టుకీ రాదు. కాబట్టి ఒక్కరిని కాదు, నలుగురిని పిలవాలి, స్థలంలో ముగ్గు పోసినప్పుడు ఒకసారి, గోడలు లేచాక ప్లాస్టరింగ్‌కి ముందు ఒకసారి, టైల్స్‌కి ముందు ఇంకోసారి, వాళ్ళు సంతకం పెట్టేదాకా కాంట్రాక్టర్‌కి ఆ దశ బిల్లు ఆపాలి. అగ్రిమెంట్‌లోనే రాసేసుకుంటే గొడవే ఉండదు.

పిలిచినందుకు ఫీజు ఇవ్వాలి. ఈ మాట కాస్త గట్టిగానే చెబుతున్నాను. మేం వచ్చేస్తుంటే ట్రస్టు పెద్దాయన ప్రేమగా, ఓపెనింగ్ రోజు మిమ్మల్ని స్టేజీ మీదకి పిలిచి శాలువా కప్పుతాం అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ ఆ పూట చిన్నాన్న చేసింది కన్సల్టెంటు చేసే పని, పాతికేళ్ళ మేస్త్రీ పనితనం, దాని మీద కుర్చీలో గడిపిన ఏళ్ళ అనుభవం, ఈ రెండూ ఉన్న మనిషి జిల్లాలో ఎంతమంది దొరుకుతారు? ఇంజినీరుకి ఇచ్చినట్టే ఆయనకీ చెక్కు రాసివ్వాలి. నేను అదే చెప్పాను, పెద్దాయన ఒక్క క్షణం ఆగి, నిజమేనమ్మా, మాట్లాడతాను అన్నారు.

తేలని విషయం ఒకటి మిగిలింది. థెరపీ హాలు కింద ఉంది, టైలరింగు, మొబైల్ రిపేరు, కంప్యూటరు నేర్పే హాలు మాత్రం ప్లాన్‌లో మొదటి అంతస్తులో పెట్టారు. లిఫ్ట్ కోసం గుంట వదిలారు గానీ లిఫ్ట్ ఫండ్స్ వచ్చాక పెడతారట. ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలీదు. కింద రెండు పెద్ద గదులు ఆఫీసుకీ మీటింగు హాలుకీ ఇచ్చారు. చిన్నాన్న అడిగింది, "ఆపీసు పైకి ఎక్కించండి, మీరందరూ మెట్లు ఎక్కగలరు కదా, పని నేర్చుకునేది కిందకి దింపండి". దీనికి ఇంజినీరు చేతిలో ఏమీ లేదు, కమిటీ తేల్చాలి అన్నారు. నెలాఖరులో కమిటీ మీటింగు ఉంది, చిన్నాన్న వస్తానన్నాడు, అది మేడ మీద గదిలో జరుగుతుందని తెలిసి కింద గదిలో పెట్టమని లెటర్ ఇచ్చాం, సరే అన్నారు. టైల్స్ పని ఆ తర్వాతే మొదలవుతుందట, ఆలోపు చూపు లేని ఒక టీచరు గారినీ, భవితకి వచ్చే ఆ అమ్మల్లో ఒకావిడనీ కూడా సైట్‌కి తీసుకెళ్ళాలని మాట్లాడుతున్నాం, టీచరు గారు ఒప్పుకున్నారు, ఆ అమ్మకి పిల్లాడిని ఎవరి దగ్గర ఉంచి రావాలన్నదే సమస్య, పిల్లాడితోనే రమ్మన్నాను, ఆటో నేను మాట్లాడతాను.